హార్మోనియం మెట్టు మీద కుంకుమ బొట్టు

సరోజనా, నీ మనవరాలికి గొంతు లేదని నిన్న నా పోస్టు కింద రాశావు. తప్పు. ఆ గొంతుకు సరిపడే శ్రుతిని మీ ఇంట్లో ఎవరూ వెతకలేదు.

నువ్వు పెట్టిన ఆ పిల్ల కీబోర్డు ఫొటో చూడగానే, కర్పూరం వాసన వేసే మన భజన హార్మోనియం గుర్తొచ్చింది. దాన్ని వాయించే రాజన్న మామ శ్రుతి ఎప్పుడూ తన గొంతుకే పెట్టేవాడు. కింది స్వరాలు అందక నేను మూగబోయేదాన్ని.

"గీ పిల్లకు పాట రాదు. తాళాలియ్యుండ్రి" అన్నాడొకరోజు.

ఏడుస్తూ ఇంటికి పోతే, అవ్వ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది.

"రాజన్నా, నీ అంగి నా బిడ్డకు తొడిగి, బిడ్డే పొట్టిగున్నదంటవా? జర పై మెట్టు పట్టు."

మామ శ్రుతిని ఒక్కో మెట్టే పైకి జరిపాడు. ఐదో మెట్టు దగ్గర నా గొంతు హాయిగా విచ్చుకుంది.

"నాకు గీ సోయి లేకపాయె, అక్కా" అన్నాడు మామ.

ఒక్క స్వరం పేరైనా తెలియని మా అవ్వ ఆ మెట్టుకు కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత ఎన్ని సంగీత పుస్తకాలు చదివినా, అంత సూటిగా చెప్పినవారు నాకు దొరకలేదు.

రేపు బజారులో బొట్టుబిళ్లల పాకెట్ కొను. పిల్లచేత ఒకే పాటను ఒక్కో మెట్టు మార్చి పాడించు. పైకీ కిందికీ తేలిగ్గా అందిన చోట ఒక బిళ్ల అతికించు. నువ్వు మాత్రం తోడు పాడకు.