లెక్కలో ఒకరు తక్కువ

మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నా పక్క సీటావిడను అందరూ గప్‌చుప్ మేడమ్ అనేవారు. ఆవిడ రాసిన ప్రోగ్రాములు ఎప్పుడూ గోల చెయ్యవు, అందుకని.

కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళను రోజూ వరసపెట్టేది ఆవిడ రాసిన ప్రొసీజర్ అనే ప్రోగ్రామే. డేటాబేసును అడిగే మామూలు క్వెరీ అయితే అడిగినవన్నీ ఒక్కసారే తెచ్చి పడేస్తుంది. ఆవిడది అలా కాదు. రోగులను ఒక్కొక్కరినే పిలిచి, బరువు, బ్లడ్ గ్రూపు చూసి, ఇలా ఉంటే ఇన్ని, అలా ఉంటే అన్ని అని మార్కులు వేస్తుంది. మధ్యలో తప్పు తగిలితే కిక్కురుమనకుండా తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపొమ్మని చివర ఒక లైను. నాకది మొదటినుంచీ నచ్చేది కాదు. చెబితే వింటేగా!

ఆ పట్టికలో ఆవిడ అన్నయ్య కూడా ఉన్నాడు. మూడేళ్ళుగా కింది అంతస్తులోనే డయాలసిస్. తనవాణ్ణి ముందుకు తోసిందంటారని ఆవిడ ఆయన స్థానం ఎన్నడూ చూడలేదు. అంత నిక్కచ్చి మనిషి.

ఓ మధ్యాహ్నం నేనే గమనించాను. ఆ ప్రోగ్రాము లోపలికి వెళ్ళింది నాలుగు వందల పన్నెండు మంది, బయటికి వచ్చింది నాలుగు వందల పదకొండు. పాత రోజులవీ తీశాను. కొత్తవాళ్ళు చేరారు, కొందరు చనిపోయారు, తేడా మాత్రం రోజూ ఒక్కటే. మూడేళ్ళుగా ఎవరో ఆ వరసలో నిలబడే ఉన్నారు, ఎవరికీ కనబడటం లేదు.

"మేడమ్, ఆ లైను తీసెయ్యండి."

"గోల చేస్తుందండీ."

"చెయ్యనివ్వండి!"

తీసి నడిపింది. తెర ఎర్రబడి ఒక పేరు దగ్గర ఆగిపోయింది. అన్నయ్య పేరు. ఏం రాసినా మింగేసే ఆ బరువు గడిలో అంకె లేదు, 'అరవై లోపే ఉంటాడు' అని ఉంది. పేరు రాయించిన రోజు ఆయన తూకం ఎక్కనని మొండికేస్తే ఆవిడే తన చేత్తో నింపిందట.

దిద్ది నడిపితే ఆయన అందరికంటే పైకి వచ్చాడు. పాత తేదీలతో కూడా నడిపాం. నాలుగుసార్లు వచ్చిన కిడ్నీ ఆయనకే దక్కేది.

ఆవిడ కిందికి వెళ్ళి అన్నయ్యకు దాచకుండా చెప్పేసి భోరుమంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఏడవకే. ఇప్పుడు ముందున్నాగా," అని, ఆయన మిషను వైపు చూస్తూ అడిగాడు. "ఆ లైను ఇంకెక్కడెక్కడ పెట్టావ్?"

రక్తనిధిలో, ల్యాబులో, పసిపిల్లల టీకాల్లో... ఆవిడ వేళ్ళు మడుస్తూ పోయింది. రెండు చేతులూ అయిపోయాయి, ఇంకా చెబుతూనే ఉంది.