ఆ యమ్మి పక్కన ఎవరూ కూసోలేదా?

పిల్లవాడు నిద్రపోయాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందని చూసుకుని వచ్చి రాస్తున్నాను. ఈ అలవాటు నాకు ఇంకా పోలేదు.

కాలేజీలో మాకు ఒక ఇంగ్లీషు నవల పాఠంగా ఉండేది. విక్టోరియా రాణి కాలపు రచయిత్రి, తనకంటే ఎన్నో తరాల వెనకటి కాలాన్ని ఊహించి రాసింది. అందులో ఒక యువతి మొదట తండ్రి మాట, తర్వాత భర్త మాట, ఆపైన చర్చి పెద్దల మాట వింటూ బతుకుతుంది. భర్త పోయాక పెద్దలు ఇంటికి వచ్చి, బిడ్డ మరిది పెంపకంలో ఉండాలంటారు. మనసు వద్దంటున్నా ఆమె చేతులు బిడ్డను అందిస్తాయి. తానంటూ ఒక మనిషి ఉందా అని ఆమె వెతుక్కోవడమే మిగిలిన పుస్తకమంతా.

ప్రొద్దుటూరులో పెరిగిన నన్ను పెద్దముడియం దగ్గర పల్లెలో ఇచ్చారు. మా ఆయనకు పులివెందుల బడిలో ఉద్యోగం. అక్కడ ఇల్లు కుదిరేదాకా నేను పసిబిడ్డతో అత్త దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నాలు ఇద్దరం పత్తికాయలు వలుస్తుంటే ఆమెకు ఆ కథ కొంచెం కొంచెంగా చెప్పేదాన్ని. బిడ్డను ఇచ్చేసే చోటు వచ్చేసరికి ఆమె చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

"అంతమంది వచ్చినారే, ఆ యమ్మి పక్కన ఒక్కరన్నా కూసోలేదా?"

"లేదత్తా."

"ఇంగ యాడ నోరు లేస్తాది, పాపం!"

ఆ చలికాలం పిల్లవాడికి పాలు ఇమడలేదు. తాగినదంతా కక్కేవాడు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది. మామగారి అక్క, మా పెద్దత్త, వాత పెట్టాల్సిందేనని తేల్చేసింది. ఆ ఇంట్లో పెళ్లి సంబంధం దగ్గరనుంచి పసిబిడ్డ స్నానం దాకా ఆమె చెప్పిందే జరిగేది. పసుపుకొమ్మును నిప్పులో కాల్చి పొట్టమీద చుక్కలు పెడతారు. అప్పుడు బిడ్డను కన్నతల్లే ఒళ్లో వేసుకుని కదలకుండా పట్టుకోవాలి.

తెల్లవారగానే పెద్దత్త నిప్పులు తెచ్చుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"ఏమ్మే, ఏం చూస్తాండావు? చొక్కా తీసి పండబెట్టు."

"జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోతే..." అన్నాను.

"ఆస్పత్రి యాడికి పోతాది? ముందు ఇది కానీ. నీ మొగుని పొట్ట మింద సుక్కలు సూల్లేదా? సచ్చినాడా వాడు?"

ఎవరో నవ్వారు. నా వేళ్లు చొక్కా ముడి విప్పుతున్నాయి. విప్పుతున్నది నేనేనని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోతున్నాను.

అత్త వంటింట్లోంచి వచ్చి, చాపమీద నా పక్కన మోకాలికి మోకాలు ఆనేటట్టు కూర్చుంది. విప్పిన ముడి మళ్లీ వేసింది.

"వదినా, ఈ పొద్దు వద్దు. బండి కట్టమని చెప్పినా. ఆస్పత్రికి పోతాము."

"నీ కొడుక్కు పెట్టినప్పుడు వద్దనలేదే!"

"అనలేదు. ఆ పొద్దు నా పక్కన ఎవురూ కూసోలేదు."

"దొరల కతలు చెప్పి కోడలు నిన్ను శానా మార్చింది పో!"

"మార్చనీలే వదినా. ముసిలిదాన్నైతాండా, ఇప్పుడు గాకుంటే ఇంగెప్పుడు మారేది?"

మళ్లీ నవ్వులు లేచాయి. ఈసారి పెద్దత్త తలదించుకుంది. "నేను పెట్టనీయను, పెద్దత్తా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెద్దత్త నిప్పులమీద నీళ్లు చల్లి లేచిపోయింది. బండి కదిలేవేళకు మాత్రం గొణుక్కుంటూ వచ్చి, తన గొంగడి పిల్లవాడిమీద కప్పి, "గాలి తగలనియ్యాకు" అంది. ఆ గొంగడికీ నేను రుణపడి ఉన్నాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడికి అదే పక్క. పాలు ఇమిడింది ఆ పక్కమీదే.

ఆ పొద్దు మాత్రం ఏమవుతుందో నాకు తెలియదు. నల్లరేగడి దారిలో బండి ఊగుతోంది. నేను వాడి మొహంమీదనుంచి చూపు తిప్పడం లేదు. అత్త నా భుజానికి ఆనుకుని కూర్చుని మెల్లగా అడిగింది.

"ఇంతకీ ఆ యమ్మికి బిడ్డ దొరికినాడా?"

"దొరికినాడత్తా."

నేను కథ ఆపిన చోటునుంచి పుస్తకంలో అది ఇంకా చాలా దూరాన ఉంది. జమ్మలమడుగు చేరేదాకా ఆమెకు ఆ కథే చెబుతూ పోయాను.