మస్కట్ రెండు గంటలే

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ణి. మాదాపూర్‌లో ఒక ప్రయాణాల వెబ్‌సైటుకు ఆ వివరాలు రాయడమే నా పని. దూరం కంప్యూటరే చెప్పేది. సమయం మాత్రం, టికెట్ మీద చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేసి నేనే వేసేవాణ్ణి. (విమానం ఎన్నడూ ఎక్కలేదు. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాను, అదీ గచ్చిబౌలిలో దిగిపోవడానికి.)

అప్పుడు లింగంపల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, మస్కట్‌లో నర్సుగా చేస్తున్న అమ్మాయిని ఇష్టపడ్డాడు. బాచుపల్లి పిల్లే, చర్చిలో పరిచయం. పెద్దమ్మకు పిల్ల నచ్చింది, దూరం నచ్చలేదు. పెళ్లయినా కాంట్రాక్టు అయ్యేదాకా ఆ అమ్మాయి అక్కడే ఉండాలి, అన్న సెలవు దొరికినప్పుడల్లా పోయి రావాలి. సముద్రం అవతలి సంబంధం వద్దంటూ పెద్దమ్మ అన్నం మానేసింది. (టిఫిన్ మానలేదు.) అన్న మొహం చూడలేక, ఈ రంగంలో నిపుణుణ్ణి కాబట్టి నేను దిగాను. ఇక్కడ తొమ్మిదికి ఎక్కితే అక్కడ పదకొండుకు దిగుతాడు, రెండంటే రెండు గంటలు, వాన పడితే నేను ఆఫీసు నుంచి ఇంటికి రావడానికీ అంతే పడుతోంది కదా అన్నాను. పెద్దమ్మ మెత్తబడి, పిల్ల సెలవుకు వస్తే ఇంటికి తీసుకురమ్మంది.

పిల్ల వచ్చింది. చాయ్ చేతికిస్తూ పెద్దమ్మ, విమానం ఎన్నింటికి ఎక్కావని మామూలుగా అడిగింది. పన్నెండుకు ఎక్కి అయిదింటికి దిగానంది ఆ అమ్మాయి. పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి నా వైపు తిరిగింది.

"ఏందిరా, పోనీకి రెండు గంటలు, రానీకి అయిదు గంటలా?"

"ఎదురుగాలి పెద్దమ్మా," అన్నాను.

అన్న చాయ్‌లో ముంచిన బిస్కెట్టును మరిచిపోయాడు, అది మునిగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వు ఆపుకుని, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని, ఎటు పోయినా మూడున్నర గంటలేనని ఓపికగా చెప్పింది. (అప్పటికి నేను రాసిన దేశాలన్నిటికీ అదే గతి పట్టించి ఉన్నాను. ఒక్కరూ అడగలేదు. మా సైటును ఎవరూ చదవరని నాకు అలా తెలిసింది.)

ఇక సంబంధం పోయినట్టేనని అన్న, నేను నేల చూస్తూ కూర్చున్నాం. పెద్దమ్మ కాసేపు గోడ గడియారం వైపు చూసింది.

"గడియారాల ముచ్చట నాకెందుకు బిడ్డా. వీడు నీ దగ్గరికి పోనీకి రెండు గంటలు, నా దగ్గరికి రానీకి అయిదు గంటలు. పెండ్లయిన కొడుకుల లెక్క యాడైనా గంతే. ఇగ పాస్టరయ్యతోని మాట్లాడుండ్రి."

ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు నాకూ పెళ్లయింది. కాపురం నల్లగండ్లలో, పెద్దమ్మ ఇంటికి బండి మీద పది నిమిషాలు. అత్తగారిల్లు నగరానికి ఆ చివర ఉన్నా ప్రతి ఆదివారం పోవడం తప్పదు. పెద్దమ్మ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగితే, ట్రాఫిక్ అంటాను. ఆమె చిన్నగా నవ్వి పెట్టేస్తుంది. నాకూ నవ్వొస్తుంది, కాస్త ఆలస్యంగా.