అదిలిస్తే గానీ కదలదు

మిల్లులో అందరూ అతన్ని ఎడ్లాయన అనేవారు. వెటకారమే. పొద్దున యంత్రం నడిపే ముందు దాన్ని ఓసారి తట్టేవాడు, సాయంత్రం దాని మీది దూది దులిపితే గానీ ఇంటికి కదిలేవాడు కాదు. సగం జీవితం ఎడ్ల వెనక నడిచినవాడికి పొలం పోయినంత మాత్రాన అలవాట్లు పోతాయా? ఆ పొలం మీదే మిల్లు కట్టారు. దూది ఏకే యంత్రం ఉన్నచోట ఒకప్పుడు తన బావి ఉండేదని కొత్తవాళ్లకు చూపించేవాడు. వాళ్లు నవ్వి ఊరుకునేవారు. వాళ్ల పొలాలు ఏ షెడ్డు కింద ఉన్నాయో వాళ్లకీ తెలుసు.

ఆ అలవాటే అతని కొంప ముంచింది. ఒకరోజు కరెంటు పోయి మిల్లంతా మూగబోయింది. యంత్రం పళ్ల మధ్య పత్తిపుల్ల ఒకటి ఇరుక్కుని కనిపించింది. ముందు కరెంటు మీట దించాలని మేస్త్రీ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. కానీ ఆగిన ఎద్దు అదిలిస్తే గానీ కదలదు. కాడి కింద చెయ్యి పెట్టి తాడు సర్దుకోవచ్చు. ఇన్నేళ్లూ అలాగే సర్దుకున్నాడు. చెయ్యి లోపల పెట్టాడు. అంతలో కరెంటు వచ్చింది. ఎవరూ అదిలించకుండానే అది కదిలింది.

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిల్లువాళ్లు దయ తలచి అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆ కూలితో ఇల్లు గడవదని అతని చోటు భార్యకు ఇచ్చారు. ఎంత దయో చూడండి. ఒక చెయ్యి తిన్న యంత్రానికి మరో రెండు చేతులు అప్పజెప్పారు.

అతని భయం యంత్రం గురించి కాదు, ఆ చేతుల గురించి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కలుపు తీసిన చేతులవి. ఉండకూడని చోట గడ్డిపోచ కనిపిస్తే ఆమెను అడక్కుండానే ముందుకు పోతాయి. అందుకే ఇంట్లో మంచాన్నే యంత్రం చేసి, ఎడమచేత్తో మీట దించి చూపిస్తూ, చెప్పిందే చెప్పేవాడు.

"మీట దించకుండా చెయ్యి పెట్టకు. అది ఎద్దు కాదే, మన మాట వినదు."

ఆమె మూతి తిప్పేది. తనకేమీ ఎడ్లతో చుట్టరికం లేదని దెప్పేది.

ఓరోజు మళ్లీ కరెంటు పోయింది. గేటు దగ్గర అతను లేచి నిలబడ్డాడు. కాసేపటికి లోపల చప్పుడు మొదలైంది. ఎవరూ కేక పెట్టలేదు. అయినా షిఫ్టు వదిలేదాకా కూర్చోలేకపోయాడు.

ఆమె బయటికొచ్చింది. రోజూలాగే ముఖం కంటే ముందు చేతులు చూశాడు. విసుక్కుంటూనే రెండూ చాపింది. వేళ్లన్నీ ఉన్నాయి. చూపుడువేలి కణుపు మీద మాత్రం చర్మం గీరుకుపోయి ఎర్రటి చార తేలింది. అదేమిటని అడిగాడు.

"పుల్ల అడ్డం పడితే తీశాను," అంది ఆమె, కొంగు దులుపుకుంటూ. "అప్పుడది ఆగే ఉంది కదయ్యా."