పేరు పెట్టి పిలిచిన రోజు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకు కాపురానికి వచ్చిన కొత్తలో నాకు భలే గర్వం ఉండేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు తమ మొగుళ్లు తమ మాట వినిపించుకోరని ఏడుస్తుంటే, నేను బిందె చంకనెత్తుకుని, "మా ఆయన మాత్తరం నా మొగం మీంచి సూపు తిప్పడమ్మా!" అనేదాన్ని. నిజమే. నేను నోరు తెరిస్తే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచి నన్నే చూసేవాడు. వంకాయల ధర చెప్పినా అంతే. పొంగిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని.

ఆయన పని వర్క్‌షాపులో, రైలింజన్ల బాయిలర్లకు రివిట్లు, అంటే రేకులు కలిపే ఇనప మేకులు, కొట్టడం. ఒకడు బాయిలర్ లోపల కూర్చుని రివిట్టు పట్టుకుంటే, ఇంకొకడు బయటినుంచి బాదుతాడు. మా ఆయన లోపలివాడు. పదిహేనేళ్లు అలాగే కూర్చున్నాడు. కాస్త చెవుడు వచ్చిందని నాకూ తెలుసు. ఎంత వచ్చిందో తెలియదు.

అరవైల చివర్లో ఒకనాడు ఆయన పట్టాల వెంబడి నడుస్తూ వెనకనుంచి వస్తున్న ఇంజన్ కూత వినలేదు. పక్కింటి బెంగాలీ దాదా చొక్కా పట్టి లాగకపోతే నా పసుపుకుంకుమలు అక్కడే పోయేవి. దాదా అంటే వాళ్ల భాషలో అన్న; యూనియన్ మనిషి. చెవులు పోయినందుకు పరిహారం ఇస్తారని, చప్పుడు లేని చోటికి మారుస్తారని చెప్పి తనే అర్జీ రాసిపెట్టాడు. పరిహారం మాట దేవుడెరుగు, ఆయన ఆ బాయిలర్‌లోంచి బయటపడితే చాలనుకున్నాను.

రైల్వే ఆసుపత్రి డాక్టరు పరీక్షకు పిలిచాడు. సాయంత్రం మా ఆయన మొహం వెలిగించుకుని వచ్చాడు. "డాట్రుబాబు అడిగినవన్నీ టకటకా సెప్పీసినాను! బెంగాలీలో అడిగితే బెంగాలీలో, హిందీలో అడిగితే హిందీలో!"

చేతిలో కాగితం మీద చెవులు బాగానే ఉన్నాయని రాసి ఉంది.

"ఓలమ్మో! సెవుడని అర్జీ ఎట్టి, అన్నిటికీ జవాబు సెప్పొచ్చినావా? నీకు బుద్దున్నాదేటి?"

ఆయన నొచ్చుకున్నాడు. "పెద్దమనిషి అడిగితే పలక్కపోతే మరియాదేటే?"

దాదా తల కొట్టుకుని నవ్వాడు. బాయిలర్ల దగ్గర ఆ చప్పుడుకు మాట వినబడదు కాబట్టి అందరూ ఎదుటివాడి పెదాలు చూసే మాట్లాడుకుంటారట. అందులో మా ఆయన ఉస్తాదట. డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగాడు, ఈయన పెదాలు చూసి చెప్పేశాడు.

దాదా నవ్వుతూనే ఉన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ నా మొహం చూసింది ఇందుకా! కుళాయి దగ్గర కోసిన కోతలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను. ఏడుపూ వచ్చింది.

దాదా మళ్లీ అర్జీ పెట్టించాడు. ఈసారి నేనే వెంట వెళ్లి, "బాబూ, ఎనకాల నిలబడి అడగండి" అన్నాను. డాక్టరు అలాగే అడిగాడు. మా ఆయన పలకలేదు. డాక్టరుకు అనుమానం, కావాలనే పలకడం లేదేమోనని. "నువ్వే వెనక నిలబడి పేరు పెట్టి పిలువమ్మా, గట్టిగా" అన్నాడు నాతో హిందీలో.

పేరా! మావాళ్లలో మొగుడి పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందంటారు. రేషన్ గుమాస్తా అడిగినా పక్కింటామె చేత చెప్పించినదాన్ని. కానీ పట్టాల మీద ఆ ఇంజన్ గుర్తొచ్చింది. ఇంక ఆయుష్షుకు ఇంతకంటే ముప్పేమిటి? వెనక్కి వెళ్లి, కళ్లు మూసుకుని, గొంతు చించుకుని అరిచాను. రెండుసార్లు. వరండాలో కూర్చున్న మన తెలుగు ఆడవాళ్లు నోళ్లకు చెంగులు అడ్డం పెట్టుకున్నారు. కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన వీపు మాత్రం కదల్లేదు. గోడమీద బల్లిని చూస్తూ తాపీగా కూర్చున్నాడు.

డాక్టరు ఇంకేమీ అడక్కుండా కాగితం రాసిచ్చాడు. కొన్నాళ్లకు పరిహారమూ వచ్చింది, ఆయన్ని సామాన్ల గోదాముకూ మార్చారు.

పరీక్ష జరిగిన ఆరోజు ఆసుపత్రి గేటు బయట రిక్షా ఎక్కబోతూ మా ఆయన ఆగాడు. "ఒలే, అందరూ నన్ను సూసి నవ్వుతున్నారు. ఎనకాల నిలబడి ఏటన్నావే?"

ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. అటూ ఇటూ చూసి, గొంతు రానివ్వకుండా, పెదాలతో మాత్రం ఆయన పేరు చెప్పాను.

మహానుభావుడు కొత్త పెళ్లికొడుకులా ఎర్రబడ్డాడు. రిక్షావాణ్ణి ఆగమని చెయ్యి చూపించి, నా మొహం మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఇంకోపాలి అను."