తాళం వేసిన పద్దెనిమిది ఇళ్లు

2003. తనకల్లు మండలంలో వరసగా వానలు తప్పిన కాలం. కరువు పనులు నడిపే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను కుటుంబ ఆదాయాల సర్వే చేసేవాణ్ని. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం కదిరిలో కొన్న పాత గణాంకశాస్త్రం పుస్తకాన్ని నాలుగుసార్లు చదివి నేర్చుకున్నాను.

మా పనికి ప్రాణం మీడియన్. ఇళ్లన్నిటినీ తక్కువ ఆదాయం నుంచి ఎక్కువకు వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే ఇంటి ఆదాయం అది. సగటు తీస్తే, బోరులో నీళ్లు పడ్డ ఒక్క రైతు వల్ల ఊరంతా బాగుపడినట్టు కనిపిస్తుంది. మీడియన్ అంత సులువుగా మోసపోదు. ఇంటికొక చీటీ రాసి, నేలమీద పేర్చి, నడిమి చీటీ తీయడం నా పద్ధతి. 1998లో ఒక ఊళ్లో అరవై ఒక్క పొయ్యిలు, అంటే అన్ని కుటుంబాలు, ఉండేవి. ముప్పై ఒకటో చీటీ ఈశ్వరమ్మది. నాలుగెకరాల వేరుశెనగ చేను, ఆరు మేకలు.

ఐదేళ్లకు మళ్లీ అదే ఊరికి పంపారు. ధరలు మారతాయి కాబట్టి, ఏ యేటి ఆదాయాన్ని ఆ యేటి ధరకు రాగుల మూటల్లోకి మార్చి పోల్చాను. కరువులో కూడా నడిమి చీటీ పైకి జరిగింది! సూపర్‌వైజరు సంబరపడ్డాడు.

"ఈ ఊరికి ఇంక కరువు పనులు అక్కర్లేదని రాసేద్దాం. సంతకం పెట్టు" అన్నాడు.

ఈ మాట నాకంటే ముందే ఊరు చేరింది. ఈశ్వరమ్మ గడపలోనే నన్ను నిలేసింది.

"ఏమప్పా మస్తానన్నా, మేం బాగుపడినామంట! నాకు చెప్పకుండా యాడ దాచినావు ఆ బాగు?"

"లెక్క అట్ల వచ్చిందక్కా."

"ఎన్ని ఇండ్లు రాసినావు?"

"నలభై మూడు. తక్కిన ఇండ్లకు తాళాలుండాయి."

ఆమె వాకిలి పక్క మేకు చూపించింది. తాడుకు తాళంచెవులు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పాత చీర పేలిక కట్టి ఉంది, ఎవరిది ఏదో గుర్తుకు.

"ఇంగో, తక్కిన పద్దెనిమిది. బెంగుళూరికి పోతా నాకిచ్చి పోయినారు. తాళం ఏస్తే ఆకలి లోపలే ఉండిపోతాదనుకున్నావా?"

నేను ఇంటికి పోయి 1998 చీటీలు తీశాను. ఆ పద్దెనిమిది ఇళ్లలో పదిహేను, అప్పట్లోనే ఈశ్వరమ్మ కంటే కింద ఉన్నవి. వాటిని తీసేస్తే, ఎవరికీ ఒక్క గింజ పెరగకపోయినా నడిమి చీటీ ఆరిళ్లు పైకి పోతుంది. షెడ్యూలు అనే ప్రశ్నల ఫారం మీద 'డోర్ లాక్' అని రాసి తప్పుకున్నది నేనే. తప్పు నాదే.

రెండు ఆదివారాలు సొంత చార్జీలతో బెంగుళూరు పోయాను. ఎవరు ఏ మేస్త్రి దగ్గర ఉన్నారో ఈశ్వరమ్మే చెప్పింది. ఇటుకలు మోస్తున్న ఒకాయన నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"ఈడికీ వచ్చినావా అన్నా? దా, నువ్వూ నాలుగు ఇటుకలు ఎత్తు, అప్పుడు చెప్తా మా ఆదాయం!"

ఎత్తాను. చెప్పాడు. అట్లా పదహారు కుటుంబాలు దొరికాయి, రెండు దొరకలేదు. ఆ రెండు చీటీలనూ అందరికంటే పైన పెట్టి చూశాను, అందరికంటే కింద పెట్టి చూశాను. ఎట్లా పెట్టినా నడిమి ఇంటి రాగులు 1998 కంటే తక్కువే.

సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. "బెంగుళూరులో ఉండేటోళ్లు ఈ ఊరోళ్లు ఎట్లవుతారయ్యా? డోర్ లాక్ అయితే వదిలెయ్యాల. రూలు అది."

"రూలు రాకముందు నుంచీ వాళ్ల పొయ్యిలుండాయి సార్. వాన పడితే వాళ్లు వచ్చేది ఈడికే."

"నువ్వేమన్నా ఎం.ఏ. చదివినావా?"

"లేదు సార్. అరవై ఒకటి లెక్కపెట్టేదానికి ఎం.ఏ. ఎందుకు? తప్పుంటే చూపించండి, ఈడే చించేస్తా."

చాలాసేపు వెతికాడు. తప్పు దొరకలేదు. "సంతకం పెట్టకపోతే రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

సంతకం పెట్టాల్సిన చోట 'ఇది పద్దెనిమిది ఇళ్లను వదిలేసిన లెక్క, నాది కాదు' అని రాసిచ్చాను. ఆ మర్నాడే అనంతపురంలో సంస్థ పెద్దాయన గదికి పోయి, అరవై ఒక్క చీటీలూ నేలమీద పరిచాను. ఆయన కుర్చీ దిగి, కింద కూచుని, ఒక్కొక్కటే చదివాడు. ఊళ్లో పనులు ఆగలేదు. సూపర్‌వైజరు కూడా మాట తప్పలేదు, నన్ను మళ్లీ పిలవలేదు. దానికి నేను ఈనాటికీ బాధపడను.

ఆదాయం ఎంతని అడిగేముందు, అడగడానికి ఎవరు మిగలలేదో చూడాలని ఆ తాళంచెవులంత గట్టిగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. 2008లో ఇంకో సంస్థ సర్వేకు పిలిచినప్పుడు, సంచిలోంచి షెడ్యూలు తీయకముందే ఈశ్వరమ్మ ఇంటికి పోయాను. తాడుకు పదకొండు తాళంచెవులున్నాయి.

"ఏడిండ్లోళ్లు తిరిగొచ్చినారు" అంది ఆమె, పీట జరుపుతూ. "కూచో. ముందు ఈ పదకొండు రాసుకో. తలుపులు తెరిచి ఉండేటోళ్లు యాడికీ పోరులే."