హంపీలో అమ్మ బోణీ

మా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఎవరు హంపీ వెళ్తున్నా ముందు నా దగ్గరికే వస్తారు, జాగ్రత్తలు చెప్పమని. నేనూ బెట్టు చేయకుండా చెప్తాను. పొద్దున తలుపులు తీసేసరికే గుడి దగ్గరుండాలి, ఎండెక్కితే బండలు పెనంలా కాలతాయి. టోపీ, నీళ్లసీసా, నూలు సాక్సులు మరిచిపోవద్దు. అన్నీ చూసేయాలని ఆశపడొద్దు. ఈ చివరిది మాత్రం అమ్మ వల్ల తెలిసింది.

అమ్మ జోగిపేటలో ముప్పై ఏళ్లు పప్పుల దుకాణం నడిపింది. మోకాళ్లు మొరాయించాక దుకాణం మూసి, రెండేళ్లుగా పోతిరెడ్డిపల్లిలో నా దగ్గరే ఉంటోంది. ఉంటోంది అంటే, కిటికీలోంచి కూరగాయల బండివాడి తూకం తప్పని అరుస్తూ ఉంటోంది. హంపీ తీసుకెళ్తానంటే ఒకటే అడిగింది.

"ఆడ రాతి దుకాణాలున్నయంట గదా, అవి సూపిస్తవా?"

"అన్నీ చూపిస్తనే" అన్నాను. ఏ గుడికి ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసుకున్న మనిషిని నేను. అందులో దుకాణాలు లేవు. అంత దూరం పోయి అంగళ్లు చూస్తారా ఎవరైనా!

మూడో గుడికి వెళ్లేటప్పుడు బ్యాటరీ బండి ఆ దుకాణాల పక్కనుంచే పోయింది. "ఆపుమను బిడ్డా" అంది అమ్మ. తర్వాత చూద్దాం అన్నాను. రాతిరథం ముందు ఫొటో దిగగానే ఆమె మెట్టు మీద కూలబడింది.

"ఇగ నాతోని గాదు బిడ్డా. దుకాణాలు రేపు సూద్దాం తియ్."

రేపు తిరుగు ప్రయాణమని ఇద్దరికీ తెలుసు. నా మీద నాకే ఒళ్లు మండింది. కాగితం చింపి సంచిలో కుక్కాను. మిగతా గుళ్లన్నీ వదిలేసి, అమ్మను మంటపం నీడలో గంటసేపు పడుకోబెట్టి, మోకాళ్లకు నూనె రాశాను. తర్వాత నా భుజం పట్టుకుని ఆ దుకాణాల దాకా మెల్లగా నడిచింది.

వెడల్పాటి బాట పక్కన వరసగా రాతి స్తంభాలు, పైన అక్కడక్కడా మిగిలిన కప్పు. అమ్మ ఒక అంగట్లోకి దూరి, చేతులు చాపి కొలిచింది.

"మన దుకాణమంతనే ఉన్నది! ఇగో, ఈడ తరాజు. ఆడ కందిపప్పు బస్తాలు. గీ పక్క జల్లు కొడ్తది, మిరపకాయలు పెట్టొద్దు."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. అరుగు అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, ముందున్న రాయిని కొంగుతో తుడిచింది.

"ఎండల ఊకెనే నిలవడ్డవేంది? బోణీ బేరం. ఏం గావాలె?"

"కిలో కందిపప్పు" అన్నాను.

నేను చున్నీ పట్టాను. అమ్మ గాలిలో తరాజు ఎత్తింది, ముల్లు నిలిచేదాకా ఆగింది, పైన గుప్పెడు కొసరు వేసింది.